కత్తా కలిపిన మైదాకు

ఆడపిల్ల చేతికి మైదాకు ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడట. ఈ మాట మొదలుపెట్టిన మనిషి నాకు దొరికితే బాగుండు, కూర్చోబెట్టి నాలుగు మాటలు అడిగేదాన్ని. ఆషాఢం వచ్చిందంటే చాలు, మా మనవరాళ్ళు అరచేతులు తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టి ఎవరిది ఎక్కువ ఎరుపో చెప్పమంటారు. ఎర్రగానే ఉంటుంది. అది ఆకు గుణం, ఒంట్లో వేడి. అందులోకి మొగుడు ఎక్కడి నుంచి వచ్చాడని అడిగితే, నాకు సరసం తెలియదని నవ్వుతారు. సరసం తెలియకపోవడమేమిటి, నాకు తెలిసినంత తెలుసు. తెలియనిదల్లా ఒక్కటే, మనిషిని అడగాల్సిన సంగతిని ఆకును ఎందుకు అడుగుతారని.

నేను పుట్టి పెరిగింది పురానాపూల్ దగ్గర. మాది పాడి ఇల్లు. బర్రెల కొట్టం పెద్దది, దాన్ని ఆనుకుని మేముండే అర్రలు చిన్నవి. బర్రెలను కడిగేది మూసీలోనే. నాకు పెళ్ళీడు వచ్చేనాటికి ఎక్కడో యుద్ధం నడుస్తోంది, బజారులో అన్నిటికీ కటకటగా ఉండేది. మా ఇంట్లో మాత్రం కటకటంతా ఒక్కదాని గురించే. నా ఎడమచెయ్యి గురించి.

దాని సంగతి చెప్పేముందు మా చిన్నమ్మ గురించి చెప్పాలి. ఆమె మా అమ్మకు చెల్లెలు, మా గల్లీ చివరే ఉండేది. చిన్నాయనకు పురానాపూల్ దర్వాజా దగ్గర పాన్ డబ్బా. ప్రేమకు, పెళ్ళికి సంబంధించిన శాస్త్రాలన్నీ చిన్నమ్మ నాలుక మీద ఉండేవి. ఎక్కిళ్ళు వస్తే ఎవరో తలచుకుంటున్నట్టు. అన్నం తింటుంటే పొలమారితే మరీ గట్టిగా తలచుకుంటున్నట్టు. ఆడదానికి ఎడమకన్ను అదిరితే మంచి కబురు. కాలి బొటనవేలికంటే పక్కవేలు పొడుగుంటే ఆ పిల్ల మొగుడి మీద పెత్తనం చేస్తుంది. పచ్చి బియ్యం బుక్కితే పెళ్ళిలో వాన పడుతుంది. చేట పట్టుకున్నప్పుడల్లా పిడికెడు నోట్లో వేసుకునే అలవాటు నాది, కాబట్టి నా పెళ్ళికి పందిరి కొట్టుకుపోవడం ఖాయమని ఆమె నమ్మకం. అప్పగింతలప్పుడు ఏడవని పిల్లకు పుట్టింటి మీద మనసు లేనట్టు. పాన్ వేసుకున్న మగవాడి నోరు ఎంత ఎర్రగా పండితే పెళ్ళాం మీద అంత ప్రేమ.

చిన్నాయన నోరు పొద్దస్తమానం ఎర్రగానే ఉండేది. పాన్ డబ్బావాడి నోరు ఎర్రగా ఉండక ఇంకెలా ఉంటుంది? ఆ ఎర్రనోటితో ఆయన చిన్నమ్మతో అన్నం పెట్టమనడం తప్ప ఇంకో మాట మాట్లాడగా నేను వినలేదు. ఆ సంగతి ఒకసారి చిన్నమ్మతోనే అన్నాను. ఆమె నన్ను కొరకొరా చూసి, నీకు గివన్నీ తెల్వయి, నువ్వు బర్రెల మధ్యన పెరిగినవ్ అంది. బర్రెల మధ్య పెరగడం వల్లనే నాకు తెలిసింది. బర్రె నచ్చకపోతే తన్నుతుంది, నచ్చితే చేపి పాలు వదులుతుంది. మధ్యలో శాస్త్రాలు పెట్టదు.

ఇక నా చెయ్యి. అన్నం కుడిచేత్తో తినడం వరకు కొట్టి తిట్టి నేర్పారు. మిగతా పనులన్నిటికీ ఎడమచెయ్యే ముందుకొచ్చేది. చీపురు, కత్తిపీట, దీపం వత్తి, అన్నిటికీ అదే. మా అమ్మ పాత చీర పేలిక చించి ఆ చేతిని నడుముకు కట్టేసి చూసింది. బిందె జారింది, కుండ పగిలింది, చెయ్యి మాత్రం మారలేదు. పక్కింటివాళ్ళు వచ్చి, ఈ పిల్ల దీపం పెడితే ఇంట్లో లక్ష్మి నిలుస్తుందా అని మా అమ్మను అడిగేవాళ్ళు. వాళ్ళ పిల్లలు కుడిచేతులతోనే దీపాలు పెట్టేవాళ్ళు. వాళ్ళ ఇళ్ళలో లక్ష్మి నిలిచిన జాడ నాకెక్కడా కనిపించలేదు.

పాలు పిండడం కూడా అంతే. మా ఇంట్లో అందరూ ఎడమచేత్తో చెంబు పట్టుకుని కుడిచేత్తో పిండుతారు. నేను చెంబు కుడిచేత్తో పట్టుకుని ఎడమచేత్తో పిండుతాను, అందుకని బర్రెకు రెండో పక్కన కూర్చుంటాను. కొట్టంలో ఒక నల్లబర్రె ఉండేది. అది మొదటిసారి ఈనినప్పుడు మా బాపుకు జ్వరం. ఆ రోజుల్లో దాన్ని పిండింది నేనే. అప్పటి నుంచి దానికి అదే అలవాటైపోయింది. ఎవరైనా అందరిలా ఈ పక్కన కూర్చుంటే కాలు ఎత్తేది. నేను ఆ పక్కన కూర్చుంటేనే చేపేది. అన్నిట్లోకీ ఎక్కువ పాలిచ్చేది అదే కాబట్టి, ఎడమచెయ్యి అని నన్ను తిట్టుకుంటూనే ఆ చేత్తో పిండిన పాలను ఇంటిల్లిపాదీ సంతోషంగా అమ్ముకునేవాళ్ళు.

మా బాపు సంగతి వేరు. ఆయన బర్రెలను గల్లీల వెంట తోలుకుపోయి గిరాకీల గుమ్మాల ముందే పిండి పోసేవాడు. పిండేముందు ఇత్తడి చెంబును బోర్లించి, అడుగున అరచేత్తో తట్టి చూపించేవాడు. లోపల ముందుగా నీళ్ళు పోసుకురాలేదని దానర్థం. పాలవాళ్ళందరూ చేసేదే, కాకపోతే మిగతావాళ్ళు ఎవరైనా అడిగితే చేస్తారు. మా గిరాకీల్లో ఒక పర్దా ఇల్లు ఉండేది. లోపలి బీబీ ఎన్నడూ బయటికి రాదు. ముసలి పనిమనిషి గిన్నె తెచ్చి పెట్టి, అటు తిరిగి ఎవరితోనో ముచ్చట పెట్టుకుంటుంది. చూసే దిక్కు ఉండదు. అయినా బాపు చెంబు బోర్లించి తట్టేవాడు. ఎవరు చూస్తున్నారని ఒకరోజు అడిగాను.

"చూసేటోళ్ళ కోసం కాదు బిడ్డా. బోర్లించకపోతే నా చెయ్యి ఊకోదు," అన్నాడు.

అలాంటి మనిషి నా పెళ్ళి విషయానికి వచ్చేసరికి మారిపోయాడు. దానికి కారణం మలక్‌పేట సంబంధం. వాళ్ళు వచ్చారు, చూశారు, ఖాయం చేసుకున్నట్టే మాట్లాడారు. వెళ్ళబోతుండగా సందె వేళైందని అమ్మ దీపం పెట్టమంది. నేను పెట్టాను, నాకు వచ్చిన చేత్తోనే. పెళ్ళికొడుకు మేనత్త గుమ్మంలోనే ఆగిపోయింది. తెల్లారి వద్దని కబురొచ్చింది. ఆ రోజు బాపు అన్నం ముట్టలేదు. ఆ తర్వాత చాలా రోజుల వరకు మా గడప తొక్కినవాళ్ళు లేరు. పిల్ల ముదిరిపోతోందని గల్లీలో అనుకోవడం మా అమ్మ చెవిన పడుతూనే ఉండేది. దాంతో ఈసారి ఎవరొచ్చినా చెయ్యి సంగతి బయటపడకూడదని ఇంట్లో అందరూ కలిసి తీర్మానించుకున్నారు. చెయ్యి నాది, తీర్మానం మాత్రం వాళ్ళది.

బహదూర్‌పురా సంబంధం తెచ్చింది చిన్నమ్మే. వాళ్ళదీ పాడి ఇల్లే. ఆ కబురు మోసుకొచ్చిన రోజు తన ఎడమకన్ను అదిరిందట, దారిలో ఎక్కిళ్ళు కూడా వచ్చాయట. అబ్బాయి ఎలాంటివాడని అడిగాను. పొడుగ్గా ఉంటాడంది. మాట మంచిదేనా, కోపిష్ఠివాడా, బర్రెలను కొడతాడా అని అడిగాను. గివన్నీ ఎవరన్న అడుగుతరా అని నోరు నొక్కుకుంది. ఆమె కన్ను అదిరిన సంగతి వాడంతా తెలిసింది. ఆ మనిషి నోరు తెరిస్తే ఏం మాట్లాడతాడో ఒక్కరికీ తెలియదు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

కొట్టంలో బాపు తవుడు కలుపుతుంటే పోయి నిలబడ్డాను. వాళ్ళకు ముందే చెప్పెయ్యమన్నాను.

"చెప్తే వస్తరా?" అన్నాడు తల ఎత్తకుండా.

"రాకపోతే పోనీ బాపూ. ఒక్క పూట కుడిచేత్తో చేసి చూపెడ్త. బతుకంతా ఎట్ల చెయ్యాలె?"

పోయినంక మెల్లగా తెలుస్తుంది, అప్పటికి అలవాటు పడతారు, ఏమీ అనరు అన్నాడు. గుమ్మం గుమ్మానికీ చెంబు బోర్లించి చూపించేవాడివి, నన్ను మాత్రం మూతపెట్టి అమ్ముతావా అని అడిగాను. బాపు చెయ్యి తవుడులోనే ఆగిపోయింది.

"పాల ముచ్చట వేరు, పిల్ల ముచ్చట వేరు," అన్నాడు. అనేసి లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆ మాటను ఆయన కూడా నమ్మలేదని నాకు తెలుసు. అదే ఎక్కువ మంటగా అనిపించింది. ఆ తర్వాత రోజూ నన్ను బుద్ధిమంతురాలైన ఎర్రబర్రె పక్కన కూర్చోబెట్టి కుడిచేత్తో పిండించేవాళ్ళు. పాడి ఇళ్ళలో పిల్లను చూడ్డానికి వస్తే పాలు పిండించి చూడడం రివాజు. వేళ్ళు నొప్పి పుట్టేవి, ధార నేల మీద పడేది. మొగుణ్ణి సంపాదించుకోవడానికి ఇంత పాడి నేలపాలు చెయ్యాలా అని గొణుక్కునేదాన్ని.

వాళ్ళు వచ్చే ముందురోజు చిన్నమ్మ మైదాకు నూరడానికి కూర్చుంది. నేను ఆకు దూసి తెచ్చి ఇచ్చాను. ఆమె కొంగుముడి విప్పి, చిన్న ఎర్రమట్టి పెళ్ళ లాంటిది తీసి రోట్లో వేసింది. చూడగానే గుర్తుపట్టాను. చిన్నాయన పాన్‌లో రాసే కత్తా. తమలపాకుకు పూస్తే నోరంతా ఎర్రబరిచేది అదే.

ఇదేమిటని అడిగాను. ఊకోమంది. పండాలె గదా అంది. అయితే ప్రతి ఆషాఢం నీ చెయ్యి గల్లీ అందరికంటే ఎర్రగా పండేది దీనివల్లనేనా అని అడిగాను. పొత్రం తిప్పే చెయ్యి ఆపి, గుమ్మం వైపు ఎవరైనా ఉన్నారేమోనని చూసింది. తర్వాత చిన్న గొంతుతో చెప్పింది. కొత్తగా కాపురానికి పోయిన ఏడు ఆమె చేతికి మైదాకు పాలిపోయినట్టు పండిందట. అత్త ఆ చెయ్యి పట్టుకుని చుట్టాలందరి ముందూ పైకెత్తి, మా పిల్లగాని మీద దీనికి మనసు లేదని చెప్పిందట. చిన్నాయన అక్కడే ఉన్నాడట. ఏమీ మాట్లాడలేదట.

"అప్పటిసంది కత్తా లేకుంట ఒక్కనాడు పెట్టుకోలే," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక ఇంకా మండింది. చిన్నమ్మ మీద అనుకున్న కోపమంతా ఆ అత్త మీదికి, నోరు విప్పని చిన్నాయన మీదికి పోయింది. ఇంత అవమానం పడ్డ మనిషి ఆ శాస్త్రాన్ని తుంగలో తొక్కాలి గానీ, నా చేతికి కూడా అదే అంటగడుతుందేమిటి? అబద్ధమని ఆమె చేతికి తెలుసు. నోటితో మాత్రం నిజమని చెబుతుంది. ఎదురు అడగడానికి భయపడ్డ ఒక్కొక్కరూ అబద్ధానికి ఇంకాస్త కత్తా కలుపుతూ పోతే, అది శాస్త్రమైపోతుంది. ఇదంతా ఆ రోజు ఇంత వరసగా ఆలోచించానని చెప్పను. ఆ రోజు చేతులు చాచి, పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. పొద్దున కడిగితే చేతులు ఇటుకపొడి అద్దినట్టున్నాయి. చిన్నమ్మ ఆ చేతులను గల్లీలో అందరికీ చూపించి వచ్చింది.

ఆ మధ్యాహ్నమే పెళ్ళికొడుకు, అతని తల్లి, మేనమామ వచ్చారు. వస్తూనే ఆ తల్లి కొడుకును గోడ వారకు జరిపి, ఇటు కూర్చో, అటు ఎండ తగులుతదంది. మా అర్రలోకి ఆ వేళ ఎండ రాదు. ఈమెకు కూడా ఏదో శాస్త్రం ఉన్నట్టుందని విసుక్కున్నాను. నేను పాలగ్లాసులు కుడిచేత్తో ఇచ్చాను. ఆమె నా అరచెయ్యి చూసి, మంచిగ పండిందంది. చిన్నమ్మ ముఖం వెలిగిపోయింది. పెళ్ళికొడుకు తల వంచుకునే ఉన్నాడు. నేను చూడదగినంత చూశాను. పొడుగన్న మాట ఒక్కటే నిజం అనుకున్నాను.

తర్వాత అందరూ కొట్టంలోకి వచ్చారు. అమ్మ ఎర్రబర్రెను ముందుకు కట్టి సిద్ధంగా ఉంచింది. ఆ తల్లి దాన్ని దాటుకుని నేరుగా నల్లబర్రె దగ్గరికి పోయి పొదుగు చూసింది. పాడి తెలిసిన మనిషి.

"గీ నల్లదాన్ని పిండు బిడ్డా," అంది.

అది కొంచెం తుంటరిదని బాపు అడ్డుపడ్డాడు. తుంటరి బర్రె దగ్గరనే పిల్ల పనితనం తెలిసేదని ఆమె నవ్వింది. మా అమ్మ గుండెల్లో రాయి పడడం నాకు అక్కడి నుంచే కనిపించింది. అందరిలా ఈ పక్కన కూర్చుంటే అది తంతుంది. ఆ పక్కన కూర్చుంటే సంగతి బయటపడుతుంది.

దుడ్డెను కాసేపు తాగనిచ్చి లాగి కట్టాను. చెంబు తీసుకున్నాను. అప్పుడు నేను ఏమీ ఆలోచించకుండానే ఒక పని చేశాను. చెంబును వచ్చినవాళ్ళ వైపు తిప్పి బోర్లించి, అడుగున తట్టాను. ఎవరూ చెయ్యమనలేదు. మా ఇంట్లో పుట్టిన చెయ్యి, ఊరుకోలేదు. తట్టిన చెయ్యి ఎడమది. కత్తా ఎరుపు దాని మీద మెరుస్తోంది. ఆ ఎరుపును, ఆ బోర్లించిన చెంబును ఒక్కచోట చూసేసరికి నాకు సిగ్గేసింది. సిగ్గు నాకు ఎక్కువసేపు నిలవదు, కోపమైపోతుంది.

"మైదాకుల కత్తా కలిపిండ్రు, గీ ఎరుపు నాది కాదు," అన్నాను. "నాది ఎడమచెయ్యి. పాలు గూడ ఎడమచేత్తోనే పిండుత. నేను గా పక్క కూసుంటెనే గిది చేపుతది. ఉంటే ఉండుండ్రి, పోతే పోండ్రి."

పోయి ఆ పక్కన కూర్చుని పిండడం మొదలుపెట్టాను. నల్లబర్రె ఎప్పటిలాగే చేపింది. చెంబులో ధార పడసాగింది. తర్వాత చిన్నమ్మ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. నాకు బర్రె పొట్ట కింది నుంచి అందరి పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ తల్లి పాదాలు బాపు వైపు తిరిగాయి.

"ఏంది అన్నా గిది? దాచిపెట్టి పెండ్లి చేద్దామనుకున్నరా?"

పిల్ల ఊరికే అంటోందని బాపు అనొచ్చు. ఎగతాళి అనొచ్చు. అంటాడనే అనుకున్నాను. అంటే ఇక ఆ చెంబును జన్మలో ముట్టుకోనని కూడా అనుకున్నాను. ఆయన పాదాలు ఉన్నచోటనే ఉన్నాయి.

"ఔ అక్కా. దాచినం," అన్నాడు. "తప్పు నాది. బిడ్డది కాదు."

నా చెయ్యి ఆగిపోయింది. ధార ఆగేసరికి బర్రె కాలు ఎత్తింది, చెంబు చటుక్కున తీసుకున్నాను. నేను లేచేసరికి వాళ్ళు గుమ్మం దాటుతున్నారు. ఎవరూ తాగని పాలగ్లాసులు అర్రలో అలాగే ఉన్నాయి.

ఆ తర్వాత ఇంట్లో నాతో మాట్లాడినవాళ్ళు లేరు. ఇక ఈ పిల్లకు పెళ్ళి కాదని అమ్మ గోడకు చెప్పుకునేది. పచ్చి బియ్యం బుక్కినా వాన పడడానికి పెళ్ళంటూ ఉండాలి కదా అని చిన్నమ్మ అంది. ఆమె ఎగతాళికి అనలేదు, నిజంగా దిగులుపడే అంది. బాపు మాత్రం మర్నాడు పొద్దున నన్ను కూడా గల్లీల్లోకి రమ్మన్నాడు. పర్దా ఇంటి ముందు చెంబు నా చేతికిచ్చాడు. నేను బోర్లించి తట్టేదాకా పక్కన నిలబడ్డాడు. తిరిగి వచ్చేటప్పుడు పూల్ దగ్గర ఒక్క మాట అన్నాడు.

"నిన్న నువ్వు చెంబు బోర్లిస్తుంటే, మొఖం ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే బిడ్డా."

పెళ్ళి కాకపోయినా ఫరవాలేదనిపించింది. కొంచెం భయంగా కూడా ఉంది. ఆ భయం ఎవరికీ చెప్పలేదు.

కత్తా ఎరుపు నాలుగు కడుగులకు పోయింది. మైదాకు అసలు రంగు, వెలిసిన నారింజ రంగు, చేతుల మీద మిగిలింది. అలాంటి ఒక పొద్దున మూసీలో నల్లబర్రెను తోముతుంటే ఆ బహదూర్‌పురా అబ్బాయి వచ్చి ఒడ్డున నిలబడ్డాడు. కొద్ది దూరంలో బాపు మిగతా బర్రెలను తోముతున్నాడు. ఆయన చూశాడు, తన పని తాను చేసుకున్నాడు.

"మా అమ్మ వద్దంటున్నది," అన్నాడు ఆ అబ్బాయి.

వద్దంటే వద్దు, అది చెప్పడానికి ఇంత దూరం నడిచి వచ్చావా అని అడిగాను. జవాబు లేదు. నది వైపు చూస్తూ నిలబడ్డాడు. పెద్ద ఇంటివాళ్ళమని పొగరా, మాట్లాడితే నోటి ముత్యాలు రాలతాయా అన్నాను. దానికీ జవాబు లేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలోని గడ్డిచుట్ట విసిరేద్దామనుకునేంతలో, నా మూతి కదలడం చూశాడో ఏమో, గబగబా నా రెండో పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఈ పక్కసంది చెప్పు. ఆ చెవు ఇనబడది," అన్నాడు.

చిన్నప్పుడు జ్వరం వచ్చి ఆ చెవి పోయిందట. పిల్లనిచ్చేవాళ్ళకు తెలియకూడదని తల్లి ఎక్కడికి పోయినా ఆ చెవిని గోడకు పెట్టి కూర్చోబెడుతుందట. మా అర్రలోకి ఎండ వచ్చింది అలాగన్నమాట. మా ఇంటి నుంచి పోయాక అతను తల్లిని అడిగాడట, వాళ్ళు చెయ్యి దాచడం తప్పైతే మనం చెవి దాచడం ఏమిటని. ఆమె తిట్టిందట గానీ జవాబు చెప్పలేదట. చెప్పడానికి ఆమె దగ్గర ఏముంది?

నేను అప్పుడు, ఎవరూ అడగరని చిన్నమ్మ అన్న మాట అడిగాను. బర్రెలను కొడతావా అని.

"కొట్ట. తిడ్త మాత్రం మస్తు," అన్నాడు.

నవ్వొచ్చింది, ఆపుకున్నాను. అతను నా చేతి వైపు చూసి, కత్తా పోయాక ఎట్లున్నదని అడిగాడు. ఎడమచెయ్యి నీళ్ళలో జాడించి చూపించాను.

"మంచిగనే ఉన్నది," అన్నాడు. "అసలు రంగు గింతనే ఉంటది."

ఇది చిన్నమ్మ శాస్త్రాల్లో ఎక్కడా లేదు. ఒక మనిషి వచ్చి, నీ వెలిసిపోయిన చెయ్యి బాగానే ఉందంటే దానికి ఏ కన్ను అదరాలి? నాకు ఏ కన్నూ అదరలేదు. చెవులు మాత్రం వేడెక్కాయి. అతను వెళ్ళిపోయాక బర్రెను తోమిన చోటనే మళ్ళీ తోముతుంటే, అటుపక్క మిగిలిందని బాపు కేకేసి చెప్పాడు.

ఆ తల్లి ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. కొడుకు ఇంకో సంబంధానికి పోనన్నాడు. పోతే చెవి సంగతి తానే ముందు చెబుతానన్నాడు. అదీగాక ఆమెకు నల్లబర్రెను చేపించిన పనితనం గుర్తుండిపోయినట్టుంది. చివరికి ఖాయమైంది. చిన్నమ్మ మళ్ళీ కొంగుముడిలో కత్తాతో వచ్చింది. వద్దన్నాను. పెళ్ళికూతురి చెయ్యి పాలిపోతే అందరూ ఏమంటారని బతిమాలింది. ఎవరైనా నా చెయ్యి పైకెత్తి ఏమన్నా అంటే నేను చిన్నాయనలా ఊరుకోను, అతనూ ఊరుకోడు అన్నాను. ఆమె కత్తా ముడి వేసుకుని, కాసేపు ఆ ముడిని వేళ్ళతో నలుపుతూ కూర్చుంది. తర్వాత వట్టి మైదాకే పెట్టింది. తన చేతికి కూడా ఆ గిన్నెలోదే పెట్టుకుంది. ఇద్దరి చేతులూ వెలిసినట్టే పండాయి. ఆ రోజంతా ఆమె చేతులు కొంగు కింద దాచుకునే తిరిగింది గానీ, పెట్టుకుంది కదా. అది నాకు చాలు.

పెళ్ళికి వాన పడలేదు. ఒక్క చుక్క కూడా పడలేదు. నేను బుక్కిన బియ్యమంతా ఏమైనట్టో ఎవరూ చెప్పలేదు.

నేను ముందే ఒక పంతం పట్టుకుని ఉన్నాను. అప్పగింతల్లో ఏడవను. ఏడిస్తేనే పుట్టింటి మీద మనసున్నట్టు అనే శాస్త్రం ఒకటి మిగిలిపోయింది, దాన్ని కూడా అబద్ధం చేసి పోదామని. పళ్ళెంలో పాలు పోసి, అందులో పెళ్ళికూతురి చెయ్యి ముంచి, అల్లుడి చేతిలో పెట్టడం మా ఆనవాయితీ. ఆ పూట పాలు నల్లబర్రెవి. నేను పోయాక దాన్ని పిండేదెవరని, బాపు పెళ్ళికి ముందు నాలుగు రోజులూ దాని రెండో పక్కన కూర్చుని, తన ఎడమచేత్తో తంటాలు పడుతూ నేర్చుకున్నాడు. చెంబు సగం కూడా నిండలేదు. తెచ్చి పళ్ళెంలో పోశాడు.

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కుడిచెయ్యి, కుడిచెయ్యి అని తొందరపెట్టారు. నేను కుడిచెయ్యే చాచాను. ఈ ఒక్కదానికి పేచీ ఎందుకనుకున్నాను. బాపు ఆ చేతిని పక్కకు పెట్టి, ఒళ్ళో ఉన్న నా ఎడమచెయ్యి తీసుకుని పాలలో ముంచాడు. బాపు లేచి అల్లుడి వినిపించే చెవి వైపుకు వచ్చి కూర్చుని, నా చేతిని అతని చేతిలో పెట్టాడు.

"నా బిడ్డ చెయ్యి గిది. గిదే అప్పజెప్తున్న," అన్నాడు.

అప్పుడు ఏడ్చాను.